మరలివచ్చిన చేయి

ఐరాల మండలమున కాణిపాకము చెంత బాహుదా నది పారుచున్నది. ఆ పేరునకు గల కథను ఈ ప్రాంతపు పిల్లలెల్లరు నెరుగుదురు. శంఖుడు, లిఖితుడు అను నన్నదమ్ములలో తమ్ముడు అన్న తోటలోని పండును అడుగక కోసి తినెను. అందులకు రాజు అతని చేతులు ఖండింపించెను. అతడు ఈ నదిలో మునిగి లేవగా పోయిన చేతులు మరల వచ్చెనట. బాహువుల నిచ్చినది గనుక బాహుదా యయ్యెను. క్రైస్తవ గృహమున బుట్టిన మేమును ఈ కథను తిన్నెమీది పెద్దల నోట వినియే పెరిగితిమి. ఆ కథ మాకు జ్ఞప్తికి వచ్చిన యొక సాయంకాలమును గూర్చియు, దానివలన మా యింట గలిగిన పెద్ద విచారమును గూర్చియు ఈ సంచిక చదువు బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా నాయనకు అప్పటికి 84 ఏండ్లు. చెరకు పండించి, గానుగకడ రాత్రులు మేలుకొని బెల్లము వండి, ఆ డబ్బుతో మమ్ము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పంపినవారు. వయసు మీరినను ఊరక కూర్చుండుట ఆయన స్వభావము కాదు. ఆ సాయంకాలము తిన్నెమీద కూర్చుండి విత్తనమునకై వేరుసెనగ కాయలు ఒలుచుచుండిరి. ఉన్నట్టుండి కుడిచేయి ఒడిలోనికి వాలిపోయెను. చేతిలోని కాయ జారిపడెను. ఏమో చెప్పబోయిరి గాని మాట ముద్దగా వచ్చెను. ఐదవ తరగతి చదువుచుండిన మా చిన్న కుమార్తె, “తాత నోరు ఒక పక్కకు పోయింది!” అని కేక వేసెను. మేము పరుగున వచ్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి, ఏమి చేయుటకును తోచక నిలిచియుండగా, కొంత సేపటికి చేయి కదలెను, మాట తేటపడెను. నాయన మావంక చూచి నవ్వి, పడిన కాయను ఏరుకొని మరల ఒలువసాగిరి.

ఇరుగుపొరుగువారు వచ్చి చూచి, “బాహుదా చేయి తిరిగి యిచ్చినది, ఇక భయము లేదు” అని పరిహాసముగాను, ఊరటగాను పలికిరి. ఎండలో తిరిగిన నీరసమని యొకరు, పైత్యమని మరియొకరు చెప్పిరి. మేమును ప్రభువునకు వందనము చెల్లించి నిశ్చింతగా నుంటిమి. అవి అర్ధసంవత్సర పరీక్షల దినములు. దిద్దవలసిన కాగితముల కట్టలు బల్లమీద నుండెను. నాయనను పట్టణమునకు కొనిపోవు పనిని పరీక్షలు ముగియువరకు వాయిదా వేసితిమి. బాలురకు ఆలస్యము తగదని ప్రతిదినము బోధించు మేము ఆ ఆలస్యమును చేసితిమి. ఆ తప్పు మాదే.

ఎనిమిది దినములు గడచెను. తొమ్మిదవ నాటి ఉదయమున నాయన వాక్యము చదువుచు నడుమ ఆగిపోయిరి. ఎడమకంటికి ఎవరో తెర దించినట్లున్నదనిరి. ఐదు నిమిషములలో ఆ తెర తొలగెను. ఈసారి మేము నీళ్ళచెంబు కొరకు పోలేదు. ఆనాడే బండి కట్టించుకొని యొక పెద్ద ఆస్పత్రికి బయలుదేరితిమి.

అచట వైద్యులడిగిన మొదటి ప్రశ్నలకే మేము తెల్లబోయితిమి. ఏ చేయి పడిపోయెను? ఎంతసేపు? మాట తప్పెనా, లేక అర్థమే కాలేదా? మా అన్నయు మేమును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. వెంట వచ్చిన చిన్నపిల్ల మెల్లగా, “కుడిచేయి. ఏడు గంటల వార్తలు మొదలైనప్పుడు పడిపోయింది. వార్తలు ముగియక ముందే బాగైపోయింది. నేను చెప్పింది తాతకు తెలిసింది గాని, తాత చెప్పింది మాకు తెలియలేదు” అని చెప్పెను. వైద్యులు ఆ మాటలను అట్లే వ్రాసికొనిరి. నలుగురు పెద్దల కంగారుకన్న ఒక బాలిక నిదానముగా చూచిన చూపు ఎక్కువ ఉపకరించెను. నోరు వంకరపోయినవారికి నీళ్ళు త్రాగించుట అపాయమనియు, మ్రింగుట చాతగాక అవి ఊపిరితిత్తులలోనికి పోవుననియు ఆ పూటనే తెలిసికొంటిమి.

మెడకు ఇరువైపుల కెరోటిడ్ అను పెద్ద ధమనులు గలవు. గుండెనుండి మెదడునకును కంటికిని నెత్తురును చేర్చు ముఖ్యమైన త్రోవలవి. వయసుతోను, రక్తపుపోటుతోను, చక్కెరవ్యాధితోను, పొగాకుతోను ధమని లోపలి గోడకు కొవ్వు, సున్నము పేరుకొని దారి ఇరుకగును. చెరువునుండి వచ్చు కాలువలో పూడిక చేరినట్లే యని రైతుబిడ్డలు గ్రహింపవచ్చును. అయితే అపాయము నీరు తగ్గుటవలననే కాదు. పూడికమీద గట్టిన నెత్తురుగడ్డ ఒక తునకగా ఊడి, కొట్టుకొనిపోయి, ఆవలి చిన్న తూమును మూసివేయును. ఆ తూము క్రింది మడి ఎండినట్లే, మెదడులో ఆ భాగము చచ్చును. అదియే పక్షవాతము. తునక చిన్నదై తానే కరగిపోయినచో, పడిన చేయి నిమిషములలో లేచును. ఎడమ ధమనిలోని తునక మెదడు ఎడమభాగమునకు పోయి కుడిచేతిని పడవేయును. ఎడమకంటికి పోయి తెర దించును. నాయనకు కలిగిన రెండు ఆపదలకును మూలమొక్కటే.

అనగా మరలివచ్చిన చేయి నదీమతల్లి వరము కాదు. అది ఇంటి తలుపు తట్టిన హెచ్చరిక. ఇట్టి హెచ్చరిక పిమ్మట అసలైన పక్షవాతము వచ్చు భయము మొదటి దినములలోనే మిక్కిలి యెక్కువ. మేము ఎనిమిది దినములు పోగొట్టుకొన్నది ఆ కాలములోనే.

శబ్దతరంగములతో మెడను పరీక్షించి, ఎడమ ధమని నూటికి 80 పాళ్ళకు మించి ఇరుకైనదని తేల్చిరి. ధమనిని తెరచి పూడిక తీయు శస్త్రచికిత్స యొకటి, తొడనుండి సన్నని తీగెను పంపి ఇరుకుచోట స్టెంటు అను లోహపు జాలిగొట్టము నుంచుట యొకటి, మందులతోనే యుండుట యొకటి, మూడు మార్గములు గలవనిరి. ఏ మార్గమైనను మందులు తప్పవనిరి. ఆలోచించుకొని మరునాటికి చెప్పుడనిరి.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో మా కుటుంబసభ కూడెను. “ఎనుబది దాటిన మెడమీద కత్తి యేమి?” అని మా అన్న. తొంబదవ కీర్తనలో మనుష్యునకు లెక్కించిన ఏండ్లు దాటనే దాటెను గదా, దేవుడు పిలుచువరకు నెమ్మదిగా నుండనిండని మా బావ. నాయన మంచముపట్టినచో ఎవరు మోయుదురని మా అక్క. చుట్టములలో ఒకరు ధనవ్యయమును గూర్చియు నెత్తిరి. మాట పెరిగెను గాని తెగలేదు. మేమైతే ఉపాధ్యాయులకు సహజమైన అలవాటు చొప్పున, ముందు ఈ విషయము చదివి తెలిసికొందమని కూర్చుంటిమి. నాటి రాత్రి చదివినదియు, తరువాత చదివినదియు ఇచట చెప్పెదము.

మెడలోని ధమనికిని పక్షవాతమునకును గల సంబంధమును కెనడా దేశపు వైద్యులు మిల్లర్ ఫిషర్ 1951లో స్పష్టముగా వెల్లడించిరి. 1953లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున మైఖేల్ డిబేకీ అను శస్త్రవైద్యులు 53 ఏండ్ల పాఠశాల బస్సు డ్రైవరునకు ఈ పూడిక తీసిరి. ఆ డ్రైవరు మరల పక్షవాతము లేకుండ 19 ఏండ్లు బ్రతికి, తుదకు గుండెజబ్బుతో చనిపోయెను. 1954లో లండనులోని సెయింట్ మేరీస్ ఆస్పత్రి వైద్యులు, మాటిమాటికి ఇట్టి తాత్కాలికపు పోటులు వచ్చుచుండిన యొక స్త్రీకి మెడ ధమనిని బాగుచేసిన వృత్తాంతమును ప్రకటించిరి. మన పొరుగున వేలూరులో ఐడా స్కడ్డరు దొరసాని 1900లో మొదలిడిన వైద్యశాల పెరిగి పెద్దదై, అచట 1949లో జేకబ్ చాందీగారు భారతదేశమునకు మొట్టమొదటి నాడీశస్త్ర విభాగమును నెలకొల్పిరి. మన తాతల నాటికి ‘వాతము కొట్టినది’ అని మంచమున పరుండబెట్టుటయే గతి. మన కాలమునకు వేలూరు, తిరుపతి దూరములోనే గొప్ప సాధనములు వచ్చినవి.

అయినను చాలకాలము ఈ శస్త్రము ముదుసలులకు తగునా యను ప్రశ్నకు జవాబు లేకుండెను. 1991లో ఉత్తర అమెరికాలో వెల్లడియైన పెద్ద పరిశోధనలో, హెచ్చరిక వచ్చి ధమని నూటికి 70 పాళ్ళకు మించి ఇరుకైనవారిని రెండు తెగలుగా చేసిరి. రెండేండ్లలో, ఆ వైపు పక్షవాతము మందులు మాత్రము వాడినవారిలో నూటికి 26 మందికిని, శస్త్రము జరిగినవారిలో 9 మందికిని కలిగెను. కాని ఆ పరిశోధన మొదటి దశలో 80 ఏండ్లు నిండినవారిని చేర్చుకొనలేదు. వృద్ధులు తట్టుకొనలేరను భయమే అందుకు కారణము. తరువాత ఆ నిబంధన సడలించిరి. 2004లో పెద్ద పరిశోధనల లెక్కలను ఒక్కచోట చేర్చి చూడగా, అనుకొన్నదానికి విరుద్ధముగా తేలెను. 65 ఏండ్ల లోపువారిలో ఐదేండ్లలో ఒక్క పక్షవాతమును తప్పించుటకు 18 మందికి శస్త్రము చేయవలసియుండగా, 75 దాటినవారిలో ఐదుగురికి చేసిన చాలును. ఏలయన, ఊరక విడిచినచో పక్షవాతము వచ్చు భయము ముదుసలులకే యెక్కువ. ఆ లెక్కలోనే మరియొక మాట మా గుండెలో గ్రుచ్చుకొనెను. హెచ్చరిక వచ్చిన రెండు వారములలోపు చేసినచో ఐదుగురికి ఒకరు మేలు పొందుదురు. పండ్రెండు వారములు దాటినచో 125 మందికి ఒకరు. మేము పరీక్షల కాగితములు దిద్దుచు కూర్చుండిన దినములు ఎంత విలువైనవో అప్పుడు తెలిసెను.

అంకెలను చూచి మురిసిపోరాదని వైద్యులే మమ్ము హెచ్చరించిరి. పరిశోధనలలో చేరిన ముదుసలులు ఏరుకొనబడినవారు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు ఒకపాటి బాగున్నవారు. కాలువలో పూడిక తీయునప్పుడు ఒక పెళ్ళ జారి క్రింది తూము మూయవచ్చును. అట్లే ఏ పక్షవాతమును తప్పింపబోవుదుమో, ఆ పక్షవాతమే కత్తిక్రింద రావచ్చును. గుండెపోటు రావచ్చును, గొంతునకు పోవు నరము నలిగి కంఠము బొంగురుపోవచ్చును. శస్త్రమువలన పక్షవాతమో మరణమో కలుగువారు నూటికి ఆరుగురికి మించిన చోట, హెచ్చరిక వచ్చినవారికి సైతము ఈ శస్త్రము తగదని పెద్దలు పెట్టిన హద్దు. మీ ఆస్పత్రి లెక్క యేమని అడిగితిమి. వైద్యులు నొచ్చుకొనక తమ లెక్క చూపిరి. అది హద్దునకు లోపలనే యుండెను. అట్లడుగుట అవమానము కాదు, రోగి హక్కు.

కత్తి లేని స్టెంటు వృద్ధులకు సులువుగదా యని మా అక్క అడిగెను. వినుటకు అట్లే తోచును. కాని 2500 మందికి పైగా చేరిన యొక పరిశోధన 2010లో చూపినదేమన, సుమారు 70 ఏండ్లు దాటినవారికి స్టెంటుకన్న శస్త్రమే క్షేమము. వయసు మీరినకొలది గుండెదగ్గరి పెద్ద ధమనులు గట్టిపడి మెలికలు తిరుగును. ఆ మెలికలగుండ తీగె నడుపునప్పుడు లోపలి పూడిక రాలి మెదడునకు పోవును.

ఇంతయు చదివి, వాదించి, తెల్లవారుజామున ఒక నిశ్చయమునకు వచ్చుచుంటిమి. అప్పుడు మా చిన్నపిల్ల నిద్రకండ్లతో, “తాతను అడిగినారా?” అనెను. మేము మౌనముగా నుంటిమి. రాత్రియంతయు నాయన మెడను గూర్చి నలుగురము మాటలాడితిమి. లోపలి మంచముమీద మేలుకొనియే యున్న నాయనతో ఒక్కరమును మాటలాడలేదు.

లోపలికి పోయి, తెలిసినదంతయు దాచక చెప్పితిమి. శస్త్రమువలన ఆయుస్సు పెరుగునని కాదు, పక్షవాతపు భయము తగ్గునని మాత్రమే చెప్పితిమి. ఆ బల్లమీదనే ప్రాణము పోవచ్చుననియు, పోవునని భయపడినదే జరుగవచ్చుననియు చెప్పితిమి. నాయన చాలసేపు తమ కుడిచేతిని చూచుకొనిరి. పిమ్మట ఇట్లనిరి: “అబ్బోడా, చావంటే నాకు భయము లేదు. ఆ పొద్దు మాట రానప్పుడు మీ మొగాలు చూచినాను. లోపల అంతా తెలుస్తూనే వుంది, బయటికి ఒక్క మాట రాలేదు. ఆ మాదిరి ఏండ్లకొద్దీ పడుండేదానికంటే ఒక్క దినము కత్తికి ఓర్చుకొనేదే మేలు. చెయ్యమను.” సభ అంతటితో ముగిసెను.

తొలి హెచ్చరిక వచ్చిన పదుమూడవ నాడు శస్త్రము జరిగెను. మెడకు మాత్రమే తిమ్మిరిమందు ఇచ్చిరి. నాయన మేలుకొనియే యుండిరి. నొక్కినచో కూయు పిల్లల రబ్బరుబొమ్మ నొకదానిని కుడిచేతికిచ్చి, అడిగినప్పుడెల్ల నొక్కుమనిరి. ధమనిని బిగించి తెరచిన సమయమున మెదడునకు నెత్తురు చాలుచున్నదో లేదో ఆ బొమ్మ కూతవలన తెలియును. చేయి బలహీనపడినచో వెంటనే ఒక గొట్టముతో దారి ప్రక్కకు మరల్తురు. పూర్తిగా మత్తిచ్చినను ఫలితములలో చెప్పదగిన భేదము లేదని 2008లో వెల్లడియైన పెద్ద పరిశోధన తేల్చినది గనుక, ఏ విధమును దోషము కాదు. ఆనాడు బొమ్మ తుదివరకు కూయుచునే యుండెనని వైద్యులు బయటికి వచ్చి చెప్పినపుడు, మేము అందరియెదుటను కన్నీరు కార్చితిమి.

నాలుగవ నాటికి ఇల్లు చేరిరి. కంఠము ఆరు వారములు బొంగురుగా నుండెను. దవడక్రింద స్పర్శ తగ్గెను. నెత్తురు పలుచనచేయు మాత్రలును, కొవ్వును తగ్గించు మాత్రలును, రక్తపుపోటు మాత్రలును మానక వాడిరి. ఆ పిమ్మట మూడేండ్లు, నాలుగు మాసములు బ్రతికిరి. ప్రతి ఉదయము వాక్యము చదివిరి. మూడు పంటల విత్తనపు కాయలు ఒలిచిరి. భూమి పత్రములమీద తమ చేతితోనే సంతకము చేసిరి. 87వ యేట ఊపిరితిత్తుల జ్వరముతో ప్రభువునందు నిద్రించిరి. తుదిదినమున మా పేరులన్నియు పలికిరి.

శస్త్రమే చేయనిచో ఆయనకు పక్షవాతము తప్పక వచ్చియుండునా? చెప్పలేము. ఐదుగురిలో మేలు పొందు ఆ యొక్కడు మా నాయనయో, ఏమియు రాకుండనే యుండదగిన నలుగురిలో నొకడో దేవునికే యెరుక. వైద్యము ఇట్టిదే యని మేము నేర్చుకొంటిమి.

మరియొక పాఠము కూడ కలదు. నాయన కోలుకొనిన ఏడాదికి, 89 ఏండ్ల మా పెద్దమ్మకు మెడలో హోరు వినబడుచున్నదని వైద్యు లొకరు చెప్పి పరీక్ష చేయించిరి. ధమని ఇరుకే. మేము ఉత్సాహముతో, “పెద్దమ్మకును చేయించుదము” అని ముందునకు వచ్చితిమి. వైద్యులు వలదనిరి. ఆమెకు హెచ్చరిక యేదియు రాలేదు. గుండె మిక్కిలి బలహీనము. హెచ్చరిక లేనివారికి శస్త్రమువలని లాభము స్వల్పము. అదియు కొన్నేండ్లకుగాని చేతికి రాదు. 3120 మందితో జరిగిన యొక పరిశోధన ఫలితములు 2010లో వెల్లడికాగా, 75 ఏండ్ల లోపువారికి మేలు కనబడెను గాని, ఆపై వయసువారికి నిశ్చయము కాలేదు. వారిలో సగముమంది ఐదేండ్లలోపే ఇతర కారణములచే చనిపోయిరి. ఫలమునకు రాకమునుపే తోట యజమాని పోయినట్లగును. పెద్దమ్మయు, “నాకు మాత్రలు చాలును నాయనా” అనెను. రెండేండ్లకు గుండె అలసి, ఒక రాత్రి నిద్రలోనే పోయెను. మాట ఒక్కనాడును తడబడలేదు. ఒక యింట కత్తి తగెను. ఒక యింట తగలేదు. రెండును సరియైనవే.

ముందు చెప్పిన డిబేకీ గారి కథలో మిగిలిన భాగ మొకటి కలదు. ఆయనకు 97 ఏండ్ల వయసున గుండెనుండి వచ్చు పెద్ద ధమని చీలెను. దానికి శస్త్రపద్ధతిని కల్పించినవారిలో ఆయనయే ప్రముఖులు. ముందు తమకు శస్త్రము వలదనిరి. 2006లో స్మృతి తప్పిన పిమ్మట భార్యయు శిష్యులును పూనుకొని చేయించిరి. నెలల తరబడి ఆస్పత్రిలో బాధపడి కోలుకొని, చేసినది మంచిదే యని సంతోషించి, 2008లో 99వ యేట చనిపోయిరి. అంతటివారి విషయముననే, వలదన్న వృద్ధుని మాటను దాటవచ్చునా యను వాదము పెద్దదిగా నడచెను. మాట యున్నప్పుడే అడిగి తెలిసికొనుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

బాలబాలికలారా, మీ యింట తాతయో అవ్వయో ఉన్నచో ఈ నాలుగు సంగతులు మరువకుడు. నోరు వంకరపోయినను, చేయి పడినను, మాట తడబడినను, కంటికి తెర దిగినను వెంటనే గడియారము చూడుడు. నీళ్ళు త్రాగింపకుడు. 108కి ఫోను చేయించుడు. గడ్డను కరగించు మందు సాధారణముగా 4.5 గంటల లోపల ఇవ్వవలసినది. చేయి మరలివచ్చినను ఆస్పత్రికి పోవుట మానకుడు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. వయసు ఒక్కటియే తీర్పు కాదు. హెచ్చరిక వచ్చినదా? దేహము తట్టుకొనునా? లాభము చేతికి వచ్చునంత కాలము మిగిలియున్నదా? వీని కన్నిటికిని ముందు, ఆ పెద్దవారి కోరిక యేమి? లిఖితుని తప్పు పండు తినుటలో లేదు. అడుగక కోయుటలో నుండెను. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో మేమును అట్టి తప్పే చేయబోయితిమి. ఒక చిన్నబిడ్డ మమ్ము ఆపెను.

నాయన ఒలిచిన తుదిపంట విత్తనము ఈ యేడును మా చేనిలో మొలచినది.